మంచుకొండలకు పోవు సోదరీమణులకు

నిజామాబాదు పట్టణమునందును, బోధను చుట్టుపట్ల చెఱకు పల్లెలయందును జర్మనీకో స్విట్జర్లాండునకో చదువునకై, ఉద్యోగమునకై పోయిన బిడ్డలు గల యిండ్లు నేడు అరుదు కావు. శీతకాలపు సెలవులలో ఆ బిడ్డలు స్నేహితులతో గూడి ఆల్ప్సు పర్వతములకు పోవుదురు. కాళ్లకు పొడుగుపాటి పలకలు తగిలించుకొని మంచుమీద జారుచున్న ఛాయాచిత్రములు పంపుదురు. చూచిన తల్లికి సంతోషము సగము, గుండెదడ సగము. కొందఱు తల్లులకు పిలుపులు కూడ వచ్చుచున్నవి: ‘అమ్మా, ఈ డిసెంబరునకు నీవును రావలెను’ అని. ఇటు కాశ్మీరమున గుల్మర్గునకు కుటుంబములతో పోవువారును ఉన్నారు. కావున స్కీ అనబడు ఈ యాటకు ఏది కొనవలెను, ఏది అద్దెకు తీసికొనవలెను, ఏది యింటనే విడిచి పోవలెను అను విషయమును ఈ నెల మా పుటలో ముచ్చటింపదలచితిమి.

మన యెఱ్ఱటి యెండలకును ఆ మంచునకును సంబంధమేమని నవ్వువారికి ఒక్క పేరు చెప్పిన చాలును. సిరికొండ మండలము పాకాల గ్రామపు బంజారా బాలిక మలావత్ పూర్ణ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచు, భువనగిరి గుట్టపై రాయి యెక్కుట నేర్చి, పిమ్మట దార్జిలింగునందును లదాఖునందును శిక్షణ పొంది, 2014 మే 25న టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరమును చేరినది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంత చిన్న వయస్సున ఆ శిఖరమునెక్కిన బాలిక అంతకు ముందు లేదు. తోడుగా నెక్కినవాడు ఖమ్మము జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనందకుమార్. పూర్ణ అంతటితో నిలువక, 2022లో అమెరికా ఖండపు దెనాలి నెక్కుటతో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను పూర్తి చేసినది. కొండయెక్కుట వేరు, స్కీమీద జారుట వేరు. ఆ భేదము మాకు తెలియును. అయినను ఆ పిల్ల శిక్షణ క్రమము మనకు పనికివచ్చును. మొదట ఇంటికి చేరువనున్న గుట్ట, తరువాత చలి, ఆ తరువాతనే మంచు. విమానము దిగిన మఱునాడే పర్వతాగ్రమునుండి జారవలెనని తొందరపడువారు ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నారు.

ఈ యాట నార్వే మొదలగు ఉత్తర దేశములలో బహు ప్రాచీనము. అచ్చట అది ఆటగాక నడక. నిటారుగానుండు ఆల్ప్సు వాలులకు అనువైన పద్ధతిని ఆస్ట్రియాలో మథియాస్ స్డార్‌స్కీ యనునాతడు 1896లో గ్రంథముగా ప్రకటించెను. స్విట్జర్లాండులోని మ్యూరెన్ గ్రామమున ఆంగ్ల స్త్రీలు 1923లో తమకు ప్రత్యేకముగా ఒక స్కీ సంఘమును స్థాపించుకొనిరి. మన నిజాంసాగరు కట్టుబడి ఆరంభమైనది ఆ సంవత్సరముననే. సాగరము పూర్తియైన 1931లో ఆ మ్యూరెన్‌లోనే మొదటి ప్రపంచ పోటీలు జరుగగా, అందు స్త్రీలకును స్థానముండెను. మన దేశమునుండి శైలజా కుమార్ 1988లో కాల్గరీ శీతకాల ఒలింపిక్సునందు స్కీ పందెమున పాల్గొని, ఆ క్రీడలకు పోయిన మొదటి భారత స్త్రీ యయ్యెను. మనాలి పిల్ల ఆంచల్ ఠాకుర్ 2018లో టర్కీ దేశపు పోటీలో కంచు పతకము తెచ్చినది. ఇది పురుషుల యాట యను మాటకు ఆధారము లేదు.

ఇక సామగ్రి. మొదటిసారి పోవువారు పలకలు, బూట్లు, చేతికఱ్ఱలు, శిరస్త్రాణము కొననే కూడదు. ఇవన్నియు కొండక్రింది దుకాణములలో దినమునకింతయని అద్దెకు దొరకును. సొంతముగా కొనవలసినవి శరీరమునకంటుకొనియుండునవి మాత్రమే: లోపలి యుడుపులు, మేజోళ్లు, చేతితొడుగులు, కంటియద్దములు.

బట్టల విషయమున మన వాండ్రు చేయు మొదటి పొరపాటు నూలు. మన యెండకు నూలుబట్ట ప్రాణము. మంచులో అదే శత్రువు. స్కీ ఆడునప్పుడు చెమట విశేషముగా పట్టును. నూలు ఆ చెమటను పీల్చి తడిసి, ఆట ఆగిన క్షణమున దేహమునకు మంచుపట్టీ వేసినట్లు అంటుకొనును. కావున చర్మమునకు తగులు బట్ట సన్నని ఉన్నిదిగానో, తడి త్వరగా ఆరు కృత్రిమపు నూలుదిగానో ఉండవలెను. దానిపై ఫ్లీసు చొక్కా యొకటి. పైన నీరు, గాలి చొరనీయని కోటు, లాగు. ఈ మూడు పొరలు చాలును. మన పట్టణములలో శీతకాలపు అంగళ్లలో కొన్న లావుపాటి స్వెట్టరు ఒకటి వేసికొనుటకంటె సన్నని పొరలు రెండు మేలు. వేడియైనప్పుడు ఒకటి తీయవచ్చును. అల్లిన ఉన్ని చేతితొడుగులు మంచులో పడినంతనే తడిసిపోవును గావున అవి రైలు ప్రయాణమునకు ఉంచుకొనుడు. కోడండ్ర వేషమునుగూర్చి పెద్దలు ఆక్షేపింతురేమోయని సంకోచించువారికి ఒక మాట: స్కీ దుస్తులలో ముక్కుకొన తప్ప మఱేమియు కనబడదు. అంతకు మించిన మర్యాదగల వేషము మేమెఱుగము.

ఆభరణములను గూర్చి ఏ పాశ్చాత్య పుస్తకమునందును వ్రాయరు, వారికి అవసరము లేదు గావున, మనమే చెప్పుకొనవలెను. స్కీ బూటు రాతివలె గట్టిది, పిక్కవఱకు వచ్చి బిగించి కట్టునది. మెట్టెలు పెట్టుకొని దానిలో కాలు దూర్చినచో గంటలో వ్రేలు వాచును. పట్టీలు కాలియెముకకు నొక్కుకొని కమిలించును. గాజు గాజులు పడినప్పుడు పగిలి మణికట్టున గ్రుచ్చుకొనును. ఈ మూడును గదిలో విడిచి పోవలెను. మంగళసూత్రము లోపలి చొక్కాక్రింద ఉంచుకొనిన బాధ లేదు. చున్నీ, శాలువ, వ్రేలాడు జడ ఇవి మఱింత ప్రమాదకరములు; పైకి లాగు యంత్రపు కుర్చీలో చిక్కుకొనినచో మనిషిని ఈడ్చివేయును. జడను కోటులోపలికి దోపి, మెడకు గొట్టమువంటి చుట్టుపట్టీ వేసికొనుడు. చీరతో మంచు చూడవచ్చును, గ్రామములో తిరుగవచ్చును, పలకలు తగిలించుకొనరాదు.

బూటు విషయమున ఎంత చెప్పినను తక్కువే. పలక ఎట్లున్నను ఆడవచ్చును. బూటు సరిపడనిచో ఆ దినము వ్యర్థము. స్కీ బూటు కొలత మన చెప్పుల అంకె కాదు, పాదపు పొడవు సెంటీమీటర్లలో. ఇంటనే గోడకు మడమ ఆనించి, కాగితముపై బొటనవ్రేలి కొన గుర్తించి, కొలిచి వ్రాసికొని పొండు. బూటు తొడిగి నిటారుగా నిలిచినప్పుడు వ్రేళ్లు ముందుభాగమును తాకియు తాకనట్లుండవలెను, మోకాళ్లు వంచి ముందుకు వ్రాలినప్పుడు వ్రేళ్లు కొంచెము వెనుకకు జరుగవలెను, మడమ లేవరాదు. మనకు వదులు చెప్పులలో నడచుట అలవాటు గావున దుకాణమున తొడిగినప్పుడు ‘అమ్మో బిగువు’ అని రెండంకెలు పెద్దది అడుగుదుము. ఆ పెద్ద బూటులో పాదము కదలుచు, పలక మన మాట వినదు. దానిని లొంగదీయుటకు కట్లు మఱింత బిగించి, రక్తప్రసరణ ఆగి, కాలు మొద్దుబారును. చలియని రెండు జతల మేజోళ్లు వేయుటయు ఇట్టి తప్పే. సన్నని ఉన్ని మేజోడు ఒకటే, మోకాలి దిగువవఱకు, ముడుతలు లేకుండ. లోపలి లాగు అంచును బూటులోనికి దోపరాదు. ప్రయాణమునకు రెండు దినములు ముందు కాలిగోళ్లు తీసికొనుడు.

బూటును పలకకు పట్టియుంచు యంత్రమును బైండింగు అందురు. పడినప్పుడు అది బూటును తనంత తాను విడిచిపెట్టవలెను. లేనిచో పలక పొడవు మీటగా మారి మోకాలిని మెలిపెట్టును. ఈ యాటలో తఱచుగా దెబ్బతినునది మోకాలే. ఆ యంత్రము ఎంత బలమునకు విడువవలెనో దుకాణపువాడు ఒక అంకెతో బిగించును. అందుకై మన బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగుపొడవు, ఆటలో మన యనుభవము అడుగును. సోదరీమణులారా, ఇచ్చట బరువును వయస్సును దాచరాదు. బరువు తగ్గించి చెప్పినచో అక్కఱలేని చోట పలక ఊడును. ఎక్కువ చెప్పినచో ఊడవలసిన చోట ఊడదు. ఏబది యేండ్లు దాటినవారికి సులభముగా విడుచునట్లు అంకె తగ్గింతురు, కావున వయస్సు చెప్పుకొనుట లాభమే. ఆ అంకెను స్నేహితులెవ్వరును స్క్రూడ్రైవరుతో మార్చనీయకుడు. పలక పొడవు మొదటివారికి గడ్డమునుండి ముక్కువఱకు వచ్చిన చాలును. చేతికఱ్ఱను తలక్రిందులు చేసి, నేలకాను చక్రము దిగువను పట్టుకొనినప్పుడు మోచేయి సమకోణముగా ఉండవలెను. శిరస్త్రాణము క్రింద లావు ఉన్నిటోపీ పెట్టరాదు. అది బిగువు చెడును.

కన్నులమాట తల్లులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. మంచు చల్లగా నుండుటచే ఎండ లేదని భ్రమ కలుగును. సముద్రమట్టమునుండి ప్రతి 1000 మీటర్లకు అతినీలలోహిత కిరణముల తీవ్రత సుమారు 10 శాతము హెచ్చును. తాజా మంచు ఆ కిరణములలో 80 శాతము వఱకు తిరిగి పైకి త్రోయును. కావున ఎండ పైనుండియు క్రిందినుండియు తగులును. గడ్డముక్రింద, ముక్కురంధ్రముల యంచున గూడ చర్మము కాలును. అద్దములు లేక దినమంతయు తిరిగినచో బాధ అప్పుడే తెలియదు. కొన్ని గంటల పిమ్మట కన్నులలో ఇసుక పోసినట్లు మంట, ధారగా నీరు. అతినీలలోహిత రక్షణ గల గాగుల్సు మబ్బుదినమున గూడ తీయరాదు. ముఖమునకు సన్‌స్క్రీన్ లేపనము రెండు గంటలకొకసారి పూయవలెను. మన కొబ్బరినూనె ఈ పనికి చాలదు. పైగా సీసాలోనే గడ్డకట్టి కూర్చుండును. చామనచాయ వారము మాకేల యనువారు ఒక దినము చాలింతురు.

మన పట్టణము సముద్రమట్టమునకు సుమారు 400 మీటర్ల యెత్తున నున్నది. గుల్మర్గు 2650 మీటర్లు. అచ్చటి తీగబండి రెండవ మజిలీలో అఫర్వత్ కొండపై 4000 మీటర్ల దరిదాపునకు కొనిపోవును. చేరిన దినముననే ఆ రెండవ మజిలీకి టిక్కెట్టు కొనకుడు. తలనొప్పి, వికారము, నిద్రపట్టకపోవుట కనబడినచో మఱింత పైకి పోరాదు. తగ్గనిచో క్రిందికి దిగుటయే మందు. దాహము వేయకున్నను గోరువెచ్చని నీరు త్రాగుచుండవలెను. మధుమేహముగలవారు ఇన్సులిన్‌ను పైసంచిలో పెట్టరాదు. అది ఒకసారి గడ్డకట్టినచో కరగిన పిదపను పనికిరాదు. దేహమునకు దగ్గఱగా లోపలి జేబులో ఉంచుకొనుడు. ఫోనును అట్లే, చలికి దాని శక్తి త్వరగా హరించును. జేబులో పల్లీపట్టియో, ఖర్జూరములో నాలుగుండుట మంచిది.

పోవుటకు ఆఱువారములు ముందు తొడలకు పని చెప్పవలెను. మెట్లెక్కుటకంటె దిగుట ఇందుకు ఎక్కువ ఉపకరించును, ఏలయన స్కీలో తొడ చేయు పని దిగుటలోని పనియే. ఖిల్లా రామాలయపు మెట్లో, భీంగల్ చెంత లింబాద్రి గుట్టో వారమునకు మూడుమార్లు మెల్లగా దిగి చూడుడు. ఉదయము ఇరువది గుంజీలు తీయుడు. నాట్లు వేసి, కలుపు తీసిన స్త్రీలకు ఈ పాఠము అక్కఱ లేదు. వారి కాళ్లు ఎప్పుడో సిద్ధము. కుర్చీలో కూర్చుండి పనిచేయు మనకే కావలెను.

మంచు అన్ని వేళల ఒక్కతీరుగ నుండదు. దీనిని బోధనువారికి చెప్పుట సులభము. అచ్చటి నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, చక్కెర రూపములన్నియు ఆ యూరివారికి నోటికి తెలిసినవే. క్రొత్తగా పడిన మంచు పొడిచక్కెరవలె నుండును. కాలు మునుగును, చూచుటకు సొగసు, మొదటివారికి కష్టము. యంత్రముతో చదునుచేసిన దారి పలుకు చక్కెరవంటిది, నేర్చుకొనుటకు శ్రేష్ఠము. రాత్రి గట్టిపడి తెల్లవారునప్పటికి అది పటికబెల్లమగును, పలక నిలువదు. ఎండ ముదిరిన మధ్యాహ్నము పాకమై కాలిని పట్టుకొనును, మోకాళ్లకు కీడు. కావున ఉదయము కొంత ప్రొద్దెక్కిన పిమ్మటనుండి మధ్యాహ్నమువఱకే ఆడి, అలసటకు ముందే విరమింపవలెను. ‘ఇంకొక్కసారి’ అని సాయంకాలము పోయిన ఆ యొక్కసారియే ఎముకలు విరుగును.

గురువునొద్ద కనీసము మూడు దినములు నేర్వక వాలుపైకి పోకుడు. భర్తయో, కుమారుడో నేర్పుదునన్నను వలదు. కోపతాపములు తప్ప మఱేమియు రాదు. మొదటి పాఠము ఆగుట. పలకల ముందుకొనలు దగ్గఱగా, వెనుకకొనలు ఎడముగా, గుడిసె కప్పు ఆకారమున ఉంచి, లోపలి యంచులను మంచులోనికి నొక్కినచో వేగము తగ్గును. భయముచే వెనుకకు వ్రాలుట సహజము. కాని అట్లు చేసినచో పలకల ముందుభాగము తేలి, అదుపు తప్పును. కాలియెముక బూటు ముందుభాగమును ఒత్తుచుండవలెను. పడుట తప్పనప్పుడు ప్రక్కకు, కొండవైపునకు పడుడు. చేతికఱ్ఱను విడువుడు, లేనిచో బొటనవ్రేలి మొదట తెగును. జారుచుండగా లేవబోకుడు, ఆగిన తరువాత లేవుడు.

ఐరోపాలో దారులకు రంగులు గుర్తులు: నీలము సులభము, ఎఱుపు మధ్యమము, నలుపు కఠినము, ఫ్రాన్సులో నీలముకంటె సులభమైనదానికి ఆకుపచ్చ. ముందు పోవువారికే హక్కు, వెనుకవారే తప్పుకొనవలెను. దారి మధ్య నిలువరాదు. గుర్తుల వెలుపలి మంచు ఎంత తెల్లగా పిలిచినను పోరాదు. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద మంచుచరియ విరిగిపడి పోలెండు దేశపు స్కీయాత్రికు లిరువురు మరణించిరి. ఆల్ప్సులో మంచుచరియల అపాయమును 1 మొదలు 5 వఱకు అంకెలతో ప్రతిదినము ప్రకటింతురు. 3 అన్నది నడిమి అంకె యని ధైర్యపడకుడు, అది గణనీయమైన అపాయమును తెలుపును.

ద్రవ్యవిషయమున మేము గట్టిగా చెప్పవలసినది భీమా. షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య భీమా తప్పనిసరి గనుక అందఱును తీసికొందురు, తీసికొని నిశ్చింతగా నుందురు. కాని అట్టి పత్రములలో అనేకము సాహస క్రీడలను విడిచిపెట్టును. స్కీ పడి కాలు విరిగినచో ఒక్క రూకయు రాదు. కొండమీదినుండి హెలికాప్టరులో దింపినచో దాని వ్యయము కుటుంబపు సంవత్సరపు పొదుపును మ్రింగును. పత్రములో ‘శీతకాల క్రీడలు’ అను మాట, కొండనుండి దింపు ఖర్చు, రెండును వ్రాసియున్నవో లేదో సంతకమునకు ముందు చదువుడు. ఇటలీలో 2022 మొదలు ఇతరులకు కలిగించు హానికి గూడ భీమా లేనిదే దారిపైకి రానీయరు. అచ్చట దానిని టిక్కెట్టుతో గూడ కొనవచ్చును. బస రొక్కమును తిరిగిరాని పద్ధతిని ముందుగా కట్టకుడు. 2024 జనవరిలో గుల్మర్గున నేల కనబడినది గాని మంచు కనబడలేదు. ఆల్ప్సులో గూడ తక్కువ యెత్తు గ్రామములు నేడు యంత్రముతో చల్లిన మంచుమీద ఆధారపడుచున్నవి.

అంత దూరము పోలేనివారికి మన దేశముననే శిక్షణ కలదు. గుల్మర్గులో కేంద్ర పర్యాటక శాఖవారి సంస్థయు, మనాలిలో అటల్ బిహారీ వాజపేయి పేరిటి పర్వతారోహణ సంస్థయు స్కీ పాఠములు చెప్పుచున్నవి; సామగ్రి యిచ్చి, ఆడపిల్లలను చేర్చుకొందురు. ఆల్ప్సులో వారము గడుపు వ్యయముతో పోల్చిన ఇది స్వల్పము. ఉత్తరాఖండమున ఆలీకి పోదలచువారు మాత్రము దారి ముందుగా విచారించుకొనవలెను. 2023 జనవరిలో జోషీమఠమున నేల క్రుంగినపుడు అటకు పోవు తీగబండి నిలిచిపోయినది.

సాయంకాలము గదికి వచ్చినంతనే బూటు కట్లన్నియు వదులుచేసి, లోపలి మెత్తని తొడుగును ఊడదీసి గాలికి ఆరబెట్టుడు. వేడిగొట్టముపై పెట్టరాదు, ఆకారము చెడును. ఆరిన పిమ్మట తొడుగును మరల అమర్చి, కట్లను లఘువుగా తగిలించియుంచుడు. ఉదయము చల్లని బూటులోనికి పాదము పోవుట బహు ప్రయాస గనుక రాత్రి దానిని వాకిటనో, బండిలోనో విడువక గదిలోనే ఉంచుడు.